రాని జబ్బుకు లెక్కలు

కాన్సరుకు మందు తయారుచేసిన శాస్త్రజ్ఞుడి పేరు చెప్పమంటే మీలో చాలామంది మన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు టక్కున చెబుతారు. 1940లలో ఆయన బృందం తయారుచేసిన మెథోట్రెక్సేటును డాక్టర్లు నేటికీ వాడుతున్నారు. సరే, కాన్సరు అసలు రాకుండా ఉండే దారి వెతికిన వారి పేరు ఒక్కటి చెప్పండి. తడుముకుంటున్నారు కదూ! అందులో మీ తప్పేమీ లేదు. మందు వల్ల బ్రతికిన మనిషి కళ్ళెదుట కనిపిస్తాడు, డాక్టరుకు దణ్ణం పెడతాడు. జబ్బు రాకుండా తప్పించుకున్న మనిషికి తాను తప్పించుకున్న సంగతే తెలియదు. ఇక ఎవరికని దణ్ణం పెడతాడు?

ఈ రెండో రకం శాస్త్రజ్ఞులకు కూడా మన పాఠ్యపుస్తకాల్లో చోటుండాలని నా అభిప్రాయం. వారిలో ఒకరు గ్రాహం కోల్డిట్జ్. ఆస్ట్రేలియాలో డాక్టరీ చదివి, 1980లలో అమెరికాలోని హార్వర్డు యూనివర్సిటీకి వచ్చారు. 2006లో సెయింట్ లూయీ నగరంలోని వాషింగ్టన్ యూనివర్సిటీలో వైద్య ప్రొఫెసరుగా చేరారు. ఒంట్లో కొవ్వు పెరగడానికీ కాన్సరుకూ ఉన్న సంబంధం ఆయన ఏళ్ళ తరబడి పట్టువదలక పరిశీలించిన విషయం. ఆయన పనిముట్టు సూక్ష్మదర్శిని కాదు, పోస్టులో వచ్చే ప్రశ్నాపత్రం!

ఆ ప్రశ్నాపత్రాల కథ ఆయనకంటే ముందే మొదలైంది. కుటుంబ నియంత్రణ మాత్రలు మింగితే చాలాకాలం తర్వాత ఏమవుతుందో తెలుసుకోవాలని ఫ్రాంక్ స్పైజర్ అనే డాక్టరు 1976లో అమెరికాలోని నర్సులకు ఉత్తరాలు రాశాడు. 1,21,700 మంది జవాబిచ్చారు. నర్సులనే ఎందుకు ఎంచుకున్నారంటే, వారికి జబ్బుల పేర్లు తెలుసు, అడిగినదానికి సరిగ్గా జవాబు రాయగలరు. రెండేళ్ళకోసారి వారికి కొత్త ప్రశ్నాపత్రం వెళ్ళేది. బరువెంత? పొగ తాగుతారా? ఏ జబ్బు చేసింది? ఒకసారి, ఒంట్లోని ఖనిజాల పాలు తెలుసుకోవడానికి, కాలిగోళ్ళు కత్తిరించి పంపమన్నారు. 60 వేల మందికి పైగా పంపారు! ఆ కవర్లన్నీ విప్పినవారి ఓపికకు కూడా నమస్కారం పెట్టాలి. కోల్డిట్జ్ ఈ అధ్యయనంలో చేరి, తర్వాత దాని సారథుల్లో ఒకరయ్యారు.

“మరీ లావెక్కితే ఒంటికి మంచిది కాదని మా నాయనమ్మ కూడా చెబుతుంది, దానికి ఇన్నేళ్ళ పరిశోధన ఎందుకు?” అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. కాని ఒక్క క్షణం ఆలోచించండి. కాన్సరు వచ్చిన మనిషి చిక్కిపోతాడు. అతణ్ణి ఆస్పత్రిలో తూకం వేస్తే ఏం తేలుతుంది? బక్కపలచని వారికే ఈ జబ్బు వస్తుందని! పొగ తాగేవారిలో చాలామంది సన్నగా ఉంటారు, వారికి కాన్సర్లూ ఎక్కువ. వారిని విడదీయకుండా లెక్క వేసినా ఇదే పొరపాటు జరుగుతుంది. అందుకే జబ్బు రాకముందు, ఎన్నో ఏళ్ళ ముందు, బరువు రాసి పెట్టుకోవాలి. ఆ తర్వాత కాచుకుని కూర్చోవాలి. ఇందులో అడ్డదారి లేదు.

కాచుకున్న ఫలితం 1997లో కనిపించింది. 95,256 మంది నర్సులను 16 ఏళ్ళపాటు గమనించి, కోల్డిట్జ్, ఆయన సహచరులు రొమ్ము కాన్సరు లెక్క తేల్చారు. అది చూడబోతే చిక్కుముడిలా ఉంది. నెలసరి ఆగిపోని వయసులో లావుపాటి స్త్రీలకే ఈ కాన్సరు తక్కువ! నెలసరి ఆగిపోయాక లెక్క తిరగబడింది. ఆ వయసులో హార్మోను మాత్రలు ఎన్నడూ వాడనివారిని విడిగా చూస్తే, 18 ఏళ్ళ నాటికంటే 20 కిలోలకు పైగా బరువు పెరిగినవారికి, బరువు మారనివారితో పోలిస్తే, ముప్పు దాదాపు రెట్టింపు. మాత్రలు వాడినవారిలో మాత్రం ఈ తేడా కనిపించలేదు.

కారణం కొవ్వులోనే ఉంది. కొవ్వు అంటే గాదెలో పోసిన ధాన్యంలా ఊరికే పడి ఉండే సరుకని మనం అనుకుంటాం. నిజానికి అది పనిచేసే కార్ఖానా. అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే కొన్ని హార్మోనులను అది ఈస్ట్రోజన్‌గా మారుస్తుంది. ఈస్ట్రోజన్ రొమ్ములోని కణాలను విభజన చెందమని తొందరపెడుతుంది. విభజనలు పెరిగేకొద్దీ నకలు తీయడంలో తప్పులు దొర్లే అవకాశమూ పెరుగుతుంది. వయసులో ఉండగా అండాశయాలే బోలెడు ఈస్ట్రోజన్ తయారుచేస్తాయి కనుక కొవ్వు తయారుచేసేది లెక్కకు రాదు. పట్టపగలు దీపం వెలుగు కనిపిస్తుందా? నెలసరి ఆగాక చీకటి పడినట్టే, అప్పుడు దీపం కనిపిస్తుంది. హార్మోను మాత్ర వేసుకుంటే మళ్ళీ పగలే!

తర్వాతి సంగతులు క్లుప్తంగా చెబుతాను. 2016లో ఫ్రాన్సులోని లియాన్ నగరంలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధక సంస్థ నిపుణులను సమావేశపరిచింది. వారికి అధ్యక్షుడు కోల్డిట్జే. వెయ్యికి పైగా పరిశోధనలను జల్లెడ పట్టి, అధిక కొవ్వుతో 13 రకాల కాన్సర్లకు సంబంధం ఉందని తేల్చారు.

అయితే ఒక మాట. ఇది చదివి మీ తరగతిలో కాస్త లావుగా ఉన్న పిల్లవాణ్ణి ఆటపట్టించడానికి బయలుదేరకండి. ఈ లెక్క లక్షమందిది, ఒక్కరిది కాదు. లావుగా ఉండీ కాన్సరు రానివారు ఎందరో, సన్నగా ఉండీ వచ్చినవారు ఎందరో. ఇంట్లో వండేది, బడి ముందు అమ్మేది, ఆడుకోవడానికి చోటు ఉండటం లేకపోవడం, తల్లిదండ్రుల నుంచి వచ్చిన జన్యువులు, ఇవన్నీ కలిసి బరువును నిర్ణయిస్తాయి. పిల్లవాణ్ణి వెక్కిరించేవారు బడికి ఆటస్థలం ఎందుకు లేదని ఎవరినీ అడగరు, అదే నాకు విచిత్రంగా ఉంటుంది.

1996లో కోల్డిట్జ్ బృందం మరో అధ్యయనం మొదలుపెట్టింది. ఈసారి ఉత్తరాలు వెళ్ళింది నర్సుల పిల్లలకు. 9 నుంచి 14 ఏళ్ళవారు, మీ ఈడువాళ్ళే, 16 వేల మందికి పైగా జవాబిచ్చారు. ఏం తింటున్నారు, ఎంతసేపు ఆడుతున్నారు, టీవీ ముందు ఎంతసేపు కూర్చుంటున్నారు, అన్నీ రాశారు. వాళ్ళిప్పుడు నలభైకి అటూ ఇటూ ఉన్నారు. కాన్సర్లు ఎక్కువగా కనిపించే వయసు వారికి ఇంకా రాలేదు. అది వచ్చేనాటికి ఆ కాగితాలు విప్పి లెక్క కట్టవలసినవారు ఇప్పుడు ఎక్కడో ఏ బడిలోనో తొమ్మిదో తరగతి చదువుతూ ఉండి ఉంటారు.