ఆ ఖాళీ గడిని చదవగలరా?

మద్దిలపాలెం జంక్షన్‌లో సాయంత్రం ఆరు దాటాక టీ దొరకడం కష్టం కాదు, నిలబడే చోటు దొరకడమే కష్టం. డిగ్రీ కాలేజీ వాళ్లు, ఏయూ వాళ్లు, కోచింగ్ సెంటర్ల నుంచి బయటపడ్డవాళ్లు.. అందరూ అక్కడే. మొన్న అక్కడే ఓ జూనియర్ ఫోన్‌లో తన రెజ్యూమె తెరిచి, ‘అన్నా, ఒకసారి చూసి చెప్పవా’ అన్నాడు. ప్రాజెక్టుల కింద మొదటి లైను ఇది: ‘మెషీన్ లెర్నింగ్‌తో సెప్సిస్ ముందస్తు గుర్తింపు, 98 శాతం అక్యురసీ’.

నాకు నవ్వొచ్చింది. వాణ్ని చూసి కాదు, నన్ను తలచుకుని. ఇంజినీరింగ్ ఫైనలియర్‌లో నా రెజ్యూమెలోనూ దాదాపు ఇదే లైను ఉండేది.

మేమిద్దరం వాడిన డేటా కూడా ఒక్కటే. వైద్య డేటాను పరిశోధకులకు ఉచితంగా అందించే ఫిజియోనెట్ 2019లో ఓ పోటీ పెట్టింది. అమెరికాలోని రెండు ఆస్పత్రుల ఐసీయూల్లో చేరిన 40,336 మంది వివరాలను, పేర్లు తీసేసి, గంటకో వరుస చొప్పున అందరి ముందూ ఉంచింది. సెప్సిస్‌ను ఆరు గంటల ముందే పసిగట్టే ప్రోగ్రాం రాయాలి. ఆ 15 లక్షలకు పైగా వరుసల్లో సెప్సిస్ అని గుర్తు పెట్టినవి నూటికి రెండు కూడా లేవు. అంటే, ‘ఎవరికీ సెప్సిస్ లేదు’ అని ఒక్క లైను కోడ్ రాసి పడుకున్నా 98 శాతం కరెక్టే! ఒక్క రోగికీ పనికిరాదు, రెజ్యూమెలో మాత్రం మెరుస్తుంది.

ఈ మాట చెబితే మా జూనియర్ మొహం వాడిపోయింది. ‘మరి హెల్త్‌కేర్‌లోకి వెళ్లాలంటే ఏం నేర్చుకోవాలన్నా?’ అన్నాడు. ఆరోజు టీ తాగుతూ సరిగ్గా చెప్పలేకపోయిన జవాబే ఈ వ్యాసం.

గంటల్లో తేలిపోయే జబ్బు

సెప్సిస్ అన్న పేరు తెలియకపోయినా ‘రక్తానికి ఇన్ఫెక్షన్ ఎక్కింది’ అన్న మాట మనందరి ఇళ్లలోనూ వినిపించేదే. న్యుమోనియా కావచ్చు, మూత్రంలో ఇన్ఫెక్షన్ కావచ్చు, కాన్పు తర్వాత వచ్చిన జ్వరం కావచ్చు. దాన్ని తరిమేయడానికి శరీరం చేసే యుద్ధం అదుపు తప్పి, సొంత అవయవాలనే దెబ్బతీస్తుంది. కిడ్నీలు, ఊపిరితిత్తులు, గుండె ఒక్కొక్కటిగా మొరాయిస్తాయి. 2016లో నిపుణులు ఖరారు చేసిన నిర్వచనం సారాంశం ఇదే. 2020లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం, 2017లో ప్రపంచవ్యాప్తంగా 4.89 కోట్ల మందికి సెప్సిస్ వచ్చింది. 1.1 కోట్ల మంది చనిపోయారు. అంటే ఆ ఏడాది సంభవించిన ప్రతి ఐదు మరణాల్లో ఒకటి దీనివల్లే.

చికాకేమిటంటే, ‘ఇది సెప్సిసే’ అని తేల్చిచెప్పే ఒక్క పరీక్ష కూడా లేదు. బ్లడ్ కల్చర్ ఫలితం రావడానికి రోజులు పడుతుంది. చాలాసార్లు అందులో ఏ క్రిమీ దొరకదు కూడా. అందుకే బీపీ, ఊపిరి వేగం, మూత్రం ఎంత వస్తోంది, మనిషి తెలివిగా ఉన్నాడా, లాక్టేట్ ఎంత.. ఇవన్నీ కలిపి చూసి డాక్టర్ నిర్ణయం తీసుకోవాలి. అదీ వెంటనే. న్యూయార్క్ రాష్ట్రంలోని 149 ఆస్పత్రుల రికార్డులతో 2017లో వెలువడిన అధ్యయనంలో, తొలి చికిత్స పూర్తికావడం ఒక్కో గంట ఆలస్యమైన కొద్దీ చనిపోయే అవకాశం సుమారు 4 శాతం చొప్పున పెరిగినట్టు తేలింది.

అలాగని అనుమానం వచ్చిన ప్రతి ఒక్కరికీ బలమైన యాంటీబయాటిక్ ఎక్కించేస్తే? క్రిములు ఆ మందుకు లొంగకుండా తయారవుతాయి. అటు ఆలస్యం చేయకూడదు, ఇటు తొందరపడకూడదు. క్లినికల్ రీసెర్చ్ పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే.

గెలిచాం అనుకున్నవే ఓడిపోయాయి

సెప్సిస్ పరిశోధన చరిత్ర చదివితే మన 98 శాతం గర్వం దిగిపోతుంది. 2001లో అమెరికాలోని డెట్రాయిట్‌లో ఓ ఆస్పత్రి ఎమర్జెన్సీలో 263 మంది రోగులపై పరీక్ష జరిగింది. మొదటి ఆరు గంటల్లో కచ్చితమైన లక్ష్యాలు పెట్టుకుని చికిత్స చేస్తే మరణాలు 46.5 శాతం నుంచి 30.5 శాతానికి తగ్గాయన్నారు. ప్రపంచమంతా దాన్ని అనుసరించింది. 2014, 2015ల్లో అమెరికాలో, ఆస్ట్రేలియా-న్యూజిలాండ్‌లలో, ఇంగ్లండ్‌లో మూడు పెద్ద ట్రయల్స్ మళ్లీ చేసి చూస్తే, మామూలు చికిత్సకీ దానికీ తేడా కనిపించలేదు. ఆ మధ్య కాలంలో మామూలు చికిత్సే మెరుగుపడటం కూడా ఒక కారణం.

జిగ్రిస్ అనే మందు కథ ఇంకా ఘాటు. సెప్సిస్‌కి ప్రత్యేకమైన మందు వచ్చేసిందంటూ 2001లో అమెరికాలో అనుమతిచ్చారు. పదేళ్ల తర్వాత చేసిన మరో ట్రయల్‌లో దానివల్ల ప్రాణాలు దక్కుతున్నట్టు రుజువు కాలేదు. 2011 అక్టోబరులో కంపెనీయే దాన్ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది.

సాఫ్ట్‌వేర్ మాత్రం మినహాయింపా? అమెరికాలో వందలాది ఆస్పత్రులు వాడిన ఎపిక్ కంపెనీ సెప్సిస్ మోడల్‌ను మిషిగన్ పరిశోధకులు విడిగా పరీక్షించి 2021లో ఫలితాలు ప్రకటించారు. ఆస్పత్రిలో చేరినవాళ్లలో 18 శాతం మందికి అది అలారం మోగించింది. అయినా అసలు సెప్సిస్ వచ్చినవాళ్లలో 67 శాతం మందిని వదిలేసింది. మరోవైపు జాన్స్ హాప్కిన్స్ బృందం ఐదు ఆస్పత్రుల్లో వాడి చూసిన వ్యవస్థ మీద 2022లో వచ్చిన ఫలితం ఆశ పుట్టిస్తుంది. అలారాన్ని మూడు గంటల్లోపు డాక్టరో నర్సో చూసి నిర్ధారించిన రోగుల్లో, అలా జరగనివాళ్లతో పోలిస్తే మరణాలు దాదాపు 19 శాతం తక్కువ. అది చీటీ వేసి రోగుల్ని రెండు గుంపులుగా విడదీసిన ట్రయల్ కాదు కాబట్టి అదే చివరి మాట అనుకోలేం. కానీ ఒకటి గమనించండి. అక్కడ అలారం ఒక్కటే పనిచేయలేదు, మనిషి వచ్చి చూడటం పనిచేసింది.

వేరే ఊరి ఖాళీ గడి

మళ్లీ మన ఫిజియోనెట్ డేటాకి వద్దాం. అందులో లాక్టేట్ అనే కాలమ్ ఉంటుంది. నూటికి 97 గడులు ఖాళీ. నేనైతే వాటిని సగటుతో నింపేసి ముందుకెళ్లిపోయాను. మీరూ అంతే చేసి ఉంటారు. చాలా ఏళ్లకు గానీ నాకు తట్టలేదు, ఆ ఖాళీయే ఓ సమాచారం అని. డబ్బుకి వెతుక్కోనక్కర్లేని ఐసీయూలో లాక్టేట్ పరీక్ష రాయలేదంటే, డాక్టరుకు అనుమానం రాలేదని అర్థం. రాశారంటే అనుమానం వచ్చిందని. మోడల్ నేర్చుకునేది చాలావరకు ఆ అనుమానాన్నే. అసలు ఆ పోటీలో సెప్సిస్ ఎప్పుడు మొదలైందో లెక్కగట్టడానికి కూడా, అవయవాలు దెబ్బతిన్న సమయంతో పాటు, డాక్టర్ కల్చర్, యాంటీబయాటిక్ రాసిన సమయాన్నే తీసుకున్నారు.

ఇప్పుడు అదే ఖాళీ గడిని మన దగ్గర ఊహించుకోండి. ఆ పరీక్ష ఎందుకు చేయలేదు? రాత్రి ల్యాబ్ లేకపోవచ్చు. బయట చేయించుకురమ్మంటే డబ్బులు సరిపోక ఇంటివాళ్లు ఆగి ఉండొచ్చు. చేశారు గానీ కేస్ షీట్‌లో ఎక్కించలేదేమో. గడి అదే, అర్థం పూర్తిగా వేరు. అమెరికా డేటా మీద నేర్చుకున్న మోడల్‌కి ఈ సంగతి ఎవరు చెప్పాలి?

ఇది నా ఊహ మాత్రమే కాదు. ఆ పోటీలో అగ్రస్థానంలో నిలిచిన బృందానికి తెలిసిన రెండు ఆస్పత్రుల్లో 0.43 దాకా స్కోరు వచ్చింది. ఎవరికీ ముందుగా చూపించని మూడో ఆస్పత్రిలో అది సున్నా కంటే కిందకు పడిపోయింది. అక్కడ సున్నా అంటే అసలు అలారమే పెట్టకపోవడంతో సమానం. ఒకే దేశంలో ఆస్పత్రి మారితేనే ఇలా ఉంటే, దేశమే మారితే?

ఓ బంధువు కోసం ఒక ఆస్పత్రి వార్డులో నేనో రాత్రంతా కూర్చున్నాను. తెల్లవారుజామున నర్సు వచ్చి రాత్రి తాలూకు బీపీ, పల్స్ గడులన్నీ ఒకేసారి నింపడం చూశాను. తప్పు ఆవిడది కాదు. ఆ రాత్రి అంతమంది రోగులకి ఆవిడ ఒక్కతే. కానీ రేపు ఆ కాగితం కంప్యూటర్లోకి ఎక్కితే, నాలాంటివాడెవడో దాన్ని నిజమైన గంటల లెక్క అనుకుని మోడల్ కడతాడు.

మరి ఉద్యోగం మాటేమిటి?

నా అభిప్రాయం సూటిగా చెప్తా. సెప్సిస్‌లాంటి జబ్బు విషయంలో మనకిప్పుడు లోటు అల్గారిథమ్‌లది కాదు. మన రోగుల గురించి నిజాయతీగా, సమయానికి, వాళ్ల అనుమతితో రాసిన డేటాది. ఆ లోటు తీర్చే పనులే క్లినికల్ రీసెర్చ్ ఉద్యోగాలు. ట్రయల్ జరిగే ఆస్పత్రిలో రోగి పక్కనుండే కోఆర్డినేటర్, రాసినవన్నీ సరిచూసే మానిటర్, డేటా మేనేజర్, స్టాటిస్టికల్ ప్రోగ్రామర్. ఫార్మసీ, నర్సింగ్, లైఫ్ సైన్సెస్, స్టాటిస్టిక్స్, ఇంజినీరింగ్.. అందరికీ ఇందులో తలుపు ఉంది. చాలామంది దీన్ని ‘డేటా ఎంట్రీ’ అని చులకన చేస్తారు. అక్కడే నాకు కోపం.

పక్క రాష్ట్రం ఒడిశానే చూడండి. అక్కడి పల్లెల్లో 4,556 మంది నవజాత శిశువులతో జరిగిన ట్రయల్ ఫలితం 2017లో నేచర్ పత్రికలో వచ్చింది. మేలు చేసే బ్యాక్టీరియా ఉన్న చవకైన ప్రోబయోటిక్‌ను ఏడు రోజులు ఇచ్చి, 60 రోజులు గమనించారు. ఉత్తుత్తి మందు ఇచ్చినవాళ్లలో 9 శాతం మంది సెప్సిస్ బారిన పడటమో చనిపోవడమో జరిగితే, ప్రోబయోటిక్ ఇచ్చినవాళ్లలో అది 5.4 శాతమే. దీన్నీ వేరే చోట్ల మళ్లీ పరీక్షించాల్సిందే, సందేహం లేదు. కానీ అంతమంది పసికందుల్ని రెండు నెలలపాటు కనిపెట్టుకుని, వివరాలు రాసినవాళ్లు లేకపోతే ఆ రెండు అంకెలు పుట్టేవే కాదు. చెప్పండి, అది డేటా ఎంట్రీయా?

సంతకం విలువ తెలియకపోతే ఏమవుతుందో మన ఖమ్మం చెబుతుంది. 2009లో అక్కడ బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసిన అధ్యయనం మరుసటి ఏడాది ఆగిపోయింది. జరిగిన మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కానీ తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు అనుమతి పత్రాల మీద సంతకాలు పెట్టిన తీరును పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013లో గట్టిగా తప్పుపట్టింది. రోగికి తన భాషలో విషయం చెప్పి, ‘వద్దంటే వద్దు, మీ వైద్యం ఆగదు’ అని భరోసా ఇవ్వగలవాళ్లు కావాలి. శ్రీకాకుళం యాసలో అడిగిన ప్రశ్నకు అదే యాసలో జవాబు చెప్పడం కూడా ఇక్కడ ఓ అర్హతే.

‘అన్నా, మాకు కావాల్సింది నీతులు కాదు, ఆఫర్ లెటర్’ అంటారని తెలుసు. న్యాయమైన మాటే. మొదట్లో జీతం ఐటీ కొలువంత ఉండకపోవచ్చు. ఎక్కువ అవకాశాలు హైదరాబాద్‌లో ఉన్నాయి, విశాఖలో తక్కువే. దాచిపెట్టి లాభం లేదు. ఆ తొందరలోనే ‘కోర్సు చేరితే ప్లేస్‌మెంట్ గ్యారంటీ’ అన్న ఫ్లెక్సీ చూసి అప్పుచేసి ఫీజు కట్టేస్తాం. కట్టే ముందు అక్కడ చదివి ఉద్యోగంలో చేరిన ఇద్దరితో మీరే మాట్లాడండి. ఇద్దరు కూడా దొరకకపోతే జవాబు దొరికినట్టే.

ఖర్చు లేకుండా చేయగలిగినవి మూడున్నాయి. ఒకటి, క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియా వెబ్‌సైట్‌లో సెప్సిస్ అని వెతకండి. 2009 జూన్ నుంచి మన దేశంలో ట్రయల్స్‌ను అందులో ముందే నమోదు చేయడం తప్పనిసరి. ఎవరు చేస్తున్నారు, ఎంతమందితో, ఏం కొలుస్తున్నారు అన్నవి చదివితే రంగం అర్థమవుతుంది. రెండు, గుడ్ క్లినికల్ ప్రాక్టీస్ కోర్సులు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి, ఒకటి పూర్తిచేయండి. మూడు, రోగుల రికార్డు ఎలా పుడుతుందో తెలిసినవాళ్లతో మాట్లాడండి. కేజీహెచ్, ఆంధ్ర మెడికల్ కాలేజీ మనకు దగ్గరే. ఐసీయూలోకి మనల్ని ఎవరూ రానివ్వరు, రానివ్వకూడదు కూడా. కానీ మనకు తెలిసిన నర్సు అక్కో, హౌస్ సర్జన్ స్నేహితుడో ఉండకపోరు. రోగుల వివరాలు అడక్కండి. ‘కేస్ షీట్‌లో ఏ గడి ఎక్కువగా ఖాళీగా ఉంటుంది, ఎందుకు?’ అని మాత్రం అడగండి.

మా జూనియర్ వారం తర్వాత రెజ్యూమె మార్చి పంపాడు. 98 శాతం పోయింది. దాని స్థానంలో తన మోడల్ ఎన్ని సెప్సిస్ కేసుల్ని పట్టుకుంది, ఎన్నింటిని వదిలేసింది, ఎన్నిసార్లు ఊరికే అలారం కొట్టింది అన్న మూడు లైన్లున్నాయి. అంకెలు చూడ్డానికి అంత గొప్పగా లేవు. కింద ఇంకో లైను చేర్చాడు: ‘భారతీయ ఆస్పత్రుల డేటాపై పరీక్షించలేదు’.

నేనే ఇంటర్వ్యూ చేసేవాణ్నయితే మొదటి ప్రశ్న ఆ చివరి లైను మీదే అడిగేవాణ్ని.