రాజీనామా పరిష్కారం కాదు, పోరాటమే మార్గం

సోదర రైల్వే, తపాలా ఉద్యోగులారా!

సూరత్ మరమగ్గాల షెడ్లలో మన తెలుగు పద్మశాలి సోదరుడు పన్నెండు గంటల షిఫ్టుకు తాళలేక మగ్గం విడిచిపోతే, మరునాడు ఆ మగ్గం ముందు మరొకరు నిలబడతారు. షిఫ్టు మాత్రం తగ్గదు.

పనిభారంతో కుంగి రాజీనామా తలపెట్టినవారిని మేము నిందించము. ఈ అలసట పనిచోటి నిరంతర ఒత్తిడి ఫలితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే ప్రకటించింది. ఇది వ్యక్తి బలహీనత అనే వాదం బూటకం.

అయితే పాత పెన్షను గలవారు రాజీనామా చేస్తే గత సర్వీసంతా రద్దవుతుంది. ఇరవై ఏళ్ళు నిండినవారికి మూడు నెలల నోటీసుతో స్వచ్ఛంద పదవీ విరమణ వేరే హక్కు. రెండింటినీ ఒకటిగా భ్రమించరాదు.

1973 ఆగస్టులో లోకో రన్నింగ్ కార్మికులు ఉద్యోగాలు వదులుకోలేదు. సమ్మె చేసి పది గంటల డ్యూటీకి ప్రభుత్వాన్ని ఒప్పించారు. సంతకం చేయకముందే యూనియన్ శాఖకు రండి. ఖాళీల భర్తీకై సమైక్యంగా పోరాడుదాము!