బెల్లపు వర్తకమున ధరల ప్రకటనము

అనకాపల్లి బెల్లము పేరు వినని తెలుగువా డరుదు. ఉత్తరమున ముజఫర్‌నగరమెట్లో దక్షిణమున అనకాపల్లి యట్లు బెల్లపు విపణిగ ప్రఖ్యాతి గాంచినది. శారదానదీ ప్రాంతపు రైతులు చెఱకాడించి, రసము వండి, దిమ్మలుగ పోసి తెచ్చిన సరకు ఇచట వేలము పాడబడి పరరాష్ట్రములకు సైతము పోవుచున్నది. నేడు వర్తకులు వెబ్‌సైటులు నెలకొల్పి దూరపు కొనుగోలుదారులకు నేరుగ సరకు పంపు కాలము వచ్చినది. దానితో ఒక ప్రశ్నయు వచ్చినది: ఆ వెబ్‌సైటులందు ధర ప్రకటింపవలెనా? లేక "ధరకై మమ్ము సంప్రదింపుడు" అని వ్రాసి యూరకుండవలెనా?

ప్రకటింపరాదనువారి వాదము త్రోసివేయదగినది కాదు. బెల్లపు వెల రంగును బట్టియు, గట్టితనమును బట్టియు, తేమను బట్టియు మాఱును. నేటి వేలపు ధర రేపు నిలువదు. టోకున కొనువాని కొకటి, విడిగ కొనువాని కొకటి యుండక తప్పదు. ప్రక్క యంగడివాడు మన ధర చూచి తన ధర తగ్గించునను భయమును గలదు. ఇవన్నియు నిజమే. కాని యివి ధరను వివరముగ వ్రాయుటకు కారణములగునే గాని దాచుటకు కారణములు కానేరవు.

పూర్వము మన దేశపు విపణులు పెక్కింట రుమాలు చాటున వ్రేళ్లు పట్టుకొని బేరమాడెడివారు. సరకు తెచ్చిన రైతునకే దాని వెల తెలియకుండెడిది. 1928లో లిన్‌లిత్‌గో అధ్యక్షతను గల రాయల్ వ్యవసాయ సంఘము క్రమబద్ధమైన విపణులు నెలకొల్పవలెనని సిఫారసు చేసెను. 1933లో మద్రాసు రాజధానియందు వాణిజ్యపు పంటల విపణుల చట్టమును, 1966లో ఆంధ్రప్రదేశమున వ్యవసాయ విపణుల చట్టమును వెలసినవి. ఇంత శ్రమపడి తొలగించిన రుమాలును మరల తెరపై పఱచుట యేల? "సంప్రదింపుడు" అను మాటయు నొక రుమాలే.

పొట్లముపై గరిష్ఠపు చిల్లర ధర ముద్రింపవలెనని చట్టము శాసించుచునే యున్నది. అంతర్జాలమున విక్రయించువారు మొత్తము ధరను ఒకే యంకెగ చూపవలెనని 2020 నాటి వినియోగదారుల రక్షణ నిబంధనలు చెప్పుచున్నవి. విచారణలకు మాత్రమే నడుపు వెబ్‌సైటుల విషయమున చట్టముకంటె వర్తకనీతి ప్రధానము.

అయితే వట్టి యంకె చాలదు. తెల్లని బెల్లమునకు గిరాకి యుండుటచే వంటలో హైడ్రోసు కలుపు దురభ్యాసము ప్రబలినది. అంకెలను మాత్రమే పోల్చి కొన్నచో నల్లనిదైనను నిర్మలమైన బెల్లము ఓడి, మందుతో మెఱుగెక్కిన బెల్లము గెలుచును. కావున ధర ప్రక్కనే రకము, తూకము, మందు కలిపినదియు లేనిదియు, రవాణా ఖర్చు, ఆ ధర చెల్లు తేదీ వ్రాయవలెను. హెచ్చు సరకు కొనువారికి బేరము కలదని చెప్పుటలో దోషము లేదు.

ఇందు రైతు క్షేమమును గలదు. వర్తకుడు ప్రకటించిన ధరను, ఆనాటి వేలపు ధరను ప్రక్కప్రక్కన చూచినచో నడుమ తేడా యెంతయో రైతునకు తెలియును. కొందఱి వెనుకాటునకు ఇదియే కారణమని మా యనుమానము. కూలి, నిలువ, తఱుగు, రవాణా, వడ్డీ, న్యాయమైన లాభము వర్తకునకు ముట్టవలసినవే. ఏ రైతును కాదనడు. లెక్క చెప్పగల లాభమునకు వెలుగన్న భయమేల? చెఱకు గిట్టుబాటు గాక రైతులు ఇతర పంటలకు తరలుచున్న యీ దినములలో రైతు నమ్మకము సడలినచో, వెబ్‌సైటు మిగులునుగాని అందమ్ముటకు సరకు మిగులదు.

కావున అనకాపల్లి వర్తకులు ఒకరికొకరు వెఱచి మౌనము వహింపక, అందఱును కూడి ధరల ప్రకటనకు ఒక్క పద్ధతి నేర్పఱచుకొందురు గాక యని కోరుచున్నాము. అనకాపల్లి పేరు చెప్పి సరకమ్మువారు ఆ పేరునకు తగిన నిజాయితీని కూడ చూపుట ధర్మము.