ఎవరి అవ్వ పెట్టె అది?

పోయిన నెల మదనపల్లెలో మా తోడల్లుడి కొడుకు గృహప్రవేశానికి వెళ్ళాను. ఉద్యోగం బెంగళూరులో, ఇల్లు ఇక్కడ. హాల్లో అడుగు పెట్టగానే ఎదురుగా ఒక భోషాణం. ఇత్తడి బొడిపెలు, ఇనప పట్టీలు, మీద ఇత్తడి పళ్ళెం, పళ్ళెంలో నీళ్ళు, నీళ్ళలో ప్లాస్టిక్ చామంతులు. "నూరేళ్ళ నాటిది పెదనాయనా, కారైకుడి నించి తెప్పించినా. కొత్త కొయ్యలో ప్రాణం ఉండదు" అన్నాడు. చెట్టును నరికిన రోజే పోయిన ప్రాణం వీడి హాల్లోకి వచ్చాక ఎట్లా తిరిగొచ్చిందో తెలియలేదు. మూత ఎత్తి చూశాను. వైఫై డబ్బా, చిక్కుపడిన వైర్లు, పనిచేయని రిమోట్లు రెండు. బట్టలెక్కడ్రా అంటే పడకగదిలో అట్టపెట్టెల్లో ఉన్నాయట. వాటికి చోటు ఇంకా చూడలేదట!

పాతదైతే చాలు మంచిదే అనే జబ్బు ఇప్పుడు ఇల్లు కట్టే ప్రతివాడికీ అంటుకుంది. దాచుకోవడానికి చేసిన వస్తువును చూపించుకోవడానికి పెట్టుకొని, దాచుకోవాల్సినవి నేల మీద పడేసుకోవడం దాని లక్షణం.

పుంగనూరు నుంచి కుప్పం దాకా మా పల్లెల్లో మైకు కట్టుకొని వచ్చే పాతసామాన్ల బండి ఒకప్పుడు తుక్కు ఇనుము, పగిలిన బిందెలు అడిగేది. ఇప్పుడు బండివాడు దిగి నేరుగా పశువుల కొట్టంలోకి తొంగి చూస్తున్నాడు. మా అవ్వ పెట్టె అట్లాగే పోయింది. నేను ఊళ్ళో లేని రోజున మా చిన్నమ్మ దాన్ని రెండు ప్లాస్టిక్ కుర్చీలకూ కొంచెం డబ్బుకూ ఇచ్చేసింది. ఆమెను ఏమీ అనలేను, కుర్చీలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ పెట్టె ఎక్కడికి పోయి ఉంటుందో ఊహించగలను. కుప్పం దగ్గర మూడు రాష్ట్రాలు కలుస్తాయి గదా, అక్కడ సరుకు పేరు మార్చుకోవడం సులువు. మా వైపు అది పెట్టె. తమిళనాడులోకి దాటితే చెట్టినాడు. కర్ణాటకలోకి దాటితే మైసూరు ప్యాలెస్. మా వాడి భోషాణం మూత లోపల, అవ్వ బుడ్డి పట్టుకొని వెతికేటప్పుడు సెగ తగిలి నల్లబడిన మచ్చ ఉందేమోనని చూశాను. లేదు. అయినా అది ఎవరో ఒక అవ్వదే గదా.

ఇంతకూ ఆ పెట్టె ఎంత గొప్పదో చెప్తాను. వేప కొయ్య. నలుగురు పట్టుకుంటే గానీ కదిలేది కాదు. అడుగున ఉన్న పట్టుచీర కావాలంటే పైనున్న సంసారమంతా చాప మీదికి దించాలి. కంబళ్ళు, పంచెలు, పత్రాల సంచి, పసుపు కొమ్ముల మూట, ఎండిన వేపాకు. అంతసేపూ మూతను ఒకరు పట్టుకొని నిలబడాలి. ఒకసారి అది జారి మా చిన్నాయన బొటనవేలి గోరు ఊడొచ్చింది. మా ఇంటికి ఇనప బీరువా వచ్చిన రోజునే అవ్వ తన చీరలన్నీ అందులోకి మార్చుకుంది. నిలబడి తీసుకోవచ్చు, వంగే పని లేదు, అద్దం కూడా ఉంది. పెట్టెలో చెనిక్కాయలు పోయించింది. గోద్రెజ్ వాళ్ళు 1923లోనే మొదలుపెట్టిన ఇనప బీరువాల పని ఎందుకు అంత పాకిపోయిందో చెప్పడానికి మా అవ్వ నడుము చాలు. నలభై ఏళ్ళు వాడిన మనిషికి లేని మోజు ఒక్కరోజు కూడా వాడని మనవళ్ళకు ఎక్కడి నుంచి వచ్చింది?

సంప్రదాయం అంటారు. అలమర అనే మాటే పోర్చుగీసు వాళ్ళది. మన పల్లె ఇంట్లో దాచుకునే చోట్లు గోడలో గూడు, దూలానికి ఉట్టి, పైన అటక, ధాన్యానికి గరిసె. వీటిలో ఏదీ హాల్లో పెట్టి ఫోటో తీసుకోవడానికి పనికిరాదు కాబట్టి సంప్రదాయం కింద లెక్కలోకి రాలేదు.

ఇక బర్మా టేకు. అమ్మేవాడి నోట్లో ఈ రెండు మాటలు తప్ప వేరే కొయ్య పేరు లేదు. మా వాన లేని సీమలో మామూలు ఇళ్ళకు వేప, చింత, మామిడే దిక్కు. మద్రాసు రేవులో దిగిన టేకు జమీందార్లకూ పెద్ద షావుకార్లకూ దక్కేది. పుంగనూరు జమీందారు కోటలోదని చెప్పి నాకు ఇప్పటిదాకా చూపించిన సామానంతా నిజంగా అక్కడిదే అయితే ఆ కోట హార్స్లీ కొండంత ఉండాలి. బర్మా, అదే ఇప్పటి మయన్మార్, 2014 ఏప్రిల్ నుంచి దుంగల ఎగుమతినే ఆపేసింది. ఇప్పుడు షాపుల్లో ఉన్న టేకు చాలావరకు ఘనా, ఈక్వడార్ వంటి దేశాల తోటల్లోది. మదనపల్లెలో ఇంకో తమాషా ఉంది. 1919 ఫిబ్రవరిలో టాగూర్ ఇక్కడి బిసెంట్ థియొసాఫికల్ కాలేజీలో కొన్నాళ్ళు ఉన్నాడు, జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది ఇక్కడే. అంతవరకు నిజం. ఆ కొద్ది రోజుల్లో ఆయన ఎన్ని కుర్చీల్లో కూర్చున్నాడో మాత్రం పాతసామాన్లు అమ్మేవాళ్ళకే తెలుసు.

నేనూ మోసపోయినవాణ్ణే, అందుకే ఈ కడుపుమంట. రెండేళ్ళ కింద పుస్తకాల కోసం ఒక పాత అలమర కొన్నాను. అక్కడక్కడా గీకేసిన ఆకుపచ్చ రంగు, తుప్పు పట్టిన గడియ, "ఎనభై ఏళ్ళది సార్" అనే హామీ. మూడో నెలలో కింది అరలో పిండి రాలడం మొదలైంది. మెత్తగా, లేత పసుపుగా, జల్లెడ పట్టిన మైదాలాగా చిన్న చిన్న కుప్పలు. పైన గుండుసూది తలకాయంత చిల్లులు. వేలితో తడితే డొల్ల చప్పుడు. పాతది గదా, పురుగు పడదా అన్నాడు అమ్మినవాడు. అక్కడే దొరికిపోయాడు. ఇట్లా పిండి రాల్చే పురుగు కొయ్యలోని గంజిపదార్థం కోసం వస్తుంది. అది ఉండేది పచ్చదనం ఆరి కొన్నాళ్ళే అయిన, చేవ పట్టని తెల్లకొయ్యలో. ఏళ్ళు గడిచే కొద్దీ ఆ గంజి తరిగిపోతుంది, ఎనభై ఏళ్ళ కొయ్యను ఆ పురుగు వాసన కూడా చూడదు. నేను కొన్నది లేత మామిడి చెక్కను గొలుసుతో కొట్టి, టీ డికాషన్‌లాంటి రంగు పూసి ముసలిదాన్ని చేసిన అలమర. వెనక్కి తిప్పి చూస్తే బిగించినవన్నీ స్టార్ స్క్రూలు. ఆ రకం స్క్రూ అమెరికాలో పుట్టిందే 1930లలో. మా జిల్లా వడ్రంగి చేతికి ఎప్పుడు వచ్చి ఉంటుందో మీరే లెక్క వేసుకోండి. మధ్యలో రిపేరు చేయించి ఉండొచ్చు గదా అంటారా? ఉండొచ్చు. పదహారు స్క్రూలకూ పదహారు రిపేర్లు!

పుంగనూరు ఆవుకు కూడా పెట్టెకు పట్టిన గతే పట్టింది. మూడడుగులు మించని పొట్టి ఆవు, చిక్కటి పాలు, మా కరువులో ఎండుగడ్డితో బతికిన జాతి. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి వాటికి మేత పెట్టడం టీవీలో చూశాక పట్నంలో సోఫా పక్కన కట్టేసుకోవడానికి అడిగేవాళ్ళు బయల్దేరారు. ఆవైనా పెట్టె అయినా, పని మానిపించి ముద్దు చేస్తే అది బొమ్మ.

అట్లాగని కొత్త షోరూముల తరఫున వకాల్తా పుచ్చుకోవడం లేదు. పొట్టూ జిగురూ కలిపి ఒత్తిన పలకకు "ఇంజినీర్డ్ వుడ్" అని పేరు పెడితే ఇడ్లీని ఇంజినీర్డ్ రైస్ అన్నట్టుంటుంది. నాలుగుసార్లు తడిబట్ట తగిలితే అడుగు ఉబ్బుతుంది, ఒకసారి ఊడిన స్క్రూ మళ్ళీ పట్టదు. ప్లైవుడ్ కొంటే మాత్రం ముద్ర చూసి కొనండి. వంటింటికి ఐఎస్ 710, పడకగదికి ఐఎస్ 303 చాలు. దీని గురించి ఇంతకన్నా చెప్పేదేమీ లేదు.

మరి ఏం చేయమంటావు అని మా వాడు అడిగాడు. గోడలోనే గూళ్ళు వదిలి కడప బండలు అరలుగా పెట్టించు, తలుపులకు మాత్రం కొయ్య వాడు అన్నాను. బండకు చెద పట్టదు, పురుగు పట్టదు. "అద్దింటోళ్ళ సంగతేంది పెదనాయనా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు, పాయసం తినమన్నాను.

నా అలమర పొయ్యిలోకి పోయాక పుంగనూరులో ఒక ఆచారిని పిలిచాను. ఆయన పాతదా కొత్తదా, టేకా వేపా అని అడగలేదు. "ఏం పెడతారు సార్ అందులో?" అన్నాడు. నాకు ఇప్పటిదాకా పాతవి అమ్మినవాళ్ళు గానీ కొత్తవి అమ్మినవాళ్ళు గానీ ఈ మాట అడగలేదు. పుస్తకాలని చెప్తే లోపలికి వచ్చి, నిఘంటువు మీద జాన పెట్టి ఎత్తు చూసుకున్నాడు, వారపత్రికల కట్టను రెండు చేతులతో లేపి బరువు చూశాడు, అర మధ్యలో ఒక నిలువు చెక్క లేకపోతే వంగిపోతుందని చెప్పాడు. బయానా తీసుకొని ఉగాదికి ఇస్తానన్నాడు. ఏ ఉగాదికో చెప్పలేదు. పుస్తకాలు ప్రస్తుతం మా చిన్నమ్మ ప్లాస్టిక్ కుర్చీల మీద ఉన్నాయి.