తలుపు బయట అన్నయ్య

ముందో కథ చెబుతాను, వినండి. పాత కథే.

ఒక ఆసామీకి ఇద్దరు కొడుకులు. చిన్నవాడు ఓ రోజు వచ్చి, "నాన్నా, ఆస్తిలో నా వాటా నాకు పంచి ఇచ్చెయ్" అన్నాడు. తండ్రి నిక్షేపంలా బతికుండగానే! ఆ తండ్రి కోప్పడలేదు, మన సినిమా జమీందారులా "గెటవుట్" అని అరవనూ లేదు. పంచి ఇచ్చేశాడు. కుర్రాడు మూటాముల్లే సర్దుకుని దూరదేశం వెళ్లిపోయాడు. ఉన్నదంతా జల్సాగా తగలేశాడు. సరిగ్గా అప్పుడే అక్కడ కరువొచ్చి పడింది. పొట్ట గడవక పందులు మేపే పనికి కుదిరాడు. పందిని అపవిత్రమనుకునే యూదుల ఇంటి పిల్లాడు, ఆ పందులు తినే పొట్టయినా దొరికితే బాగుండునని ఎదురుచూసే స్థితికొచ్చాడు. 'మా నాన్న దగ్గర కూలివాళ్లే కడుపునిండా తింటున్నారే!' అని అప్పుడు తట్టింది. కొడుకుగా వద్దు, కూలివాడిగానైనా పెట్టుకోమని అడుగుదామని బయల్దేరాడు. వాడింకా దూరంగా ఉండగానే తండ్రి చూశాడు. పరుగెత్తుకెళ్లి వాటేసుకున్నాడు. ఒంటికి మంచి బట్టలు, వేలికి ఉంగరం, కాళ్లకు చెప్పులు... కొవ్విన దూడను కోయించి విందు!

ఇక్కడ 'శుభం' కార్డు వేసెయ్యొచ్చా? మనమైతే వేసేస్తాం. కానీ లూకా సువార్త 15వ అధ్యాయంలో ఏసుక్రీస్తు చెప్పిన ఈ కథకి ఇంకో రీలుంది.

పెద్దకొడుకు పొలం నుంచి వస్తున్నాడు. ఇంటి దగ్గరికొచ్చేసరికి లోపల్నుంచి వాద్యాలు, నాట్యం చప్పుడు వినిపించాయి. (చూశారా, మ్యూజిక్కూ డాన్సూ మూలకథలోనే ఉన్నాయి!) పనివాణ్ణి పిలిచి సంగతేమిటని అడిగాడు. విని మండిపడ్డాడు. లోపలికి రానుపొమ్మన్నాడు. తండ్రే బయటికొచ్చి బతిమాలాడు. "ఇన్నేళ్లుగా గాడిదచాకిరీ చేస్తున్నాను, నా స్నేహితులతో సరదాపడటానికి ఒక్క మేకపిల్లనైనా ఇచ్చావా? వేశ్యలతో కలిసి నీ ఆస్తి మింగేసిన వీడొస్తే మాత్రం దూడని కోయిస్తావా?" అని అడిగేశాడు పెద్దవాడు. "నువ్వెప్పుడూ నా దగ్గరే ఉన్నావు, నాదంతా నీదేగదరా! చచ్చిపోయాడనుకున్న తమ్ముడు బతికొచ్చాడు, సంతోషించొద్దూ?" అన్నాడు తండ్రి.

అంతే! కథ అయిపోయింది. అన్న లోపలికి వెళ్లాడా? అలిగి మళ్లీ పొలానికే పోయాడా? లూకా చెప్పలేదు.

తెలుగు బైబిలు చదివినవాళ్లకి ఇది 'తప్పిపోయిన కుమారుడి' కథ. ప్రపంచంలో ఎంతమంది పాటగాళ్లు, నాట్యాచార్యులు, రచయితలు, సినిమావాళ్లు దీని మీద చెయ్యి వేశారో లెక్కలేదు. వాటిలో నాకు చిక్కినవి చూశాను, విన్నాను, చదివాను. ఒక్కటే కనిపెట్టాలని కూచున్నాను: ఆ తలుపు బయట నిలబడ్డ అన్నయ్యని వీళ్లందరూ ఏం చేశారు?

మొదట సినిమా సంగతే చూద్దాం, మన పత్రిక మర్యాద దక్కాలిగా! 1907లో ఫ్రాన్సులో మిషెల్ కారే అనే ఆయన 'తప్పిపోయిన కుమారుడు' పేరుతోనే సినిమా తీశాడు. యూరప్‌లో తయారైన మొట్టమొదటి పూర్తినిడివి చిత్రం అదేనంటారు. సుమారు గంటన్నర. మాటల్లేని మూకాభినయ నాటకాన్ని తనే రాసి రంగస్థలం మీద ఆడించి, దాన్నే కెమెరా ముందు మళ్లీ ఆడించి తీశాడు. ముఖానికి తెల్లరంగు పూసుకునే పియరో అనే హాస్యగాడి కుటుంబం అందులో పాత్రధారులు. తండ్రి పియరో, తల్లి పియరో, కొడుకు పియరో. మరి అన్నయ్య? లేడు. కథలోంచే తీసేశారు!

అన్నయ్యని తీసేసి తల్లిని పెట్టారన్నమాట. లూకా కథలో తల్లి ఊసే లేదు, గమనించారా? ఆ ఖాళీని అంతకుముందే పట్టుకున్నవాడు క్లాడ్ దెబ్యుసీ. 1884లో, ఇరవై రెండేళ్లు కూడా నిండకుండానే, ఈ కథ మీద సంగీత రూపకం కట్టి ఫ్రాన్సులో సంగీత విద్యార్థులకిచ్చే 'ప్రి ద రోమ్' అనే పెద్ద బహుమతి కొట్టేశాడు. మూడే గొంతులు. తండ్రి సిమెయోన్, కొడుకు అజాయేల్, తల్లి లియా. అందులో అన్నిటికన్నా పేరొచ్చిన పాట ఎవరిదంటారు? తల్లిదే! కొడుకు కోసం కుమిలిపోతూ పాడే ఆ పాటను గాయనులు కచేరీల్లో విడిగా కూడా పాడుతుంటారు. మదర్ సెంటిమెంటు మన మద్రాసు స్టూడియోల్లో పుట్టిందనుకునేవాళ్లు కాస్త ఆలోచించాలి. అన్నట్టు ఇక్కడా అన్నయ్యకి వేషం లేదు.

అన్నయ్యకిలా జరగడం నేను కళ్లారా చూశాను కూడా. క్రిస్మస్‌కి ఓ చర్చి ఆవరణలో పిల్లలు ఈ కథనే నాటికగా వేశారు. తండ్రీకొడుకులు కౌగిలించుకోగానే జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు పడ్డాయి గదా, ఇక అయిపోయిందనుకుని తెర లాగే కుర్రాడు తెర లాగేశాడు. అన్న వేషం వేసిన అబ్బాయి భుజాన పార పెట్టుకుని, రంగు పూసుకుని పక్కనే నిలబడి ఉన్నాడు పాపం! వాడు తన డైలాగు చెప్పకుండానే అందరూ ఇళ్లకి వెళ్లిపోయారు.

ఇంతకీ అసలు తమాషా ఇప్పుడు చెబుతాను. కుర్రాడు దూరదేశంలో ఏం చేశాడంటే, లూకా కథకుడి మాటల్లో ఒక్క ముక్కే ఉంది: దుబారా చేసి ఆస్తి పాడుచేసుకున్నాడని. ఆడవాళ్ల ప్రసక్తి అక్కడ లేదు. ఎవరన్నారు ఆ మాట? పైన చూడండి. కోపంలో ఉన్న అన్నయ్య! వాడేమైనా తమ్ముడి వెంట వెళ్లి చూశాడా? లేదు, పొలంలో ఉన్నాడు. ఆ ఒక్క నిందలోంచే బ్యాలేలకీ సినిమాలకీ వ్యాంపు పుట్టింది!

1929 మే 21న ప్యారిస్‌లో దియాగిలెవ్ గారి ప్రఖ్యాత 'బ్యాలే రూస్' కంపెనీ 'తప్పిపోయిన కుమారుడు' బ్యాలే వేసింది. సంగీతం ప్రొకోఫియెవ్. నృత్య దర్శకుడు జార్జి బాలంచిన్, అప్పటికి పాతికేళ్లవాడు. తెరలూ దుస్తులూ చిత్రకారుడు రువో గీశాడు. కొడుకుగా సెర్జ్ లిఫార్, మోహినిగా ఫెలియా దుబ్రోవ్‌స్కా. మునివేళ్ల మీద నిలబడి, వెనకాల పొడుగాటి ఎర్రని వస్త్రం ఈడ్చుకుంటూ ఆ మోహిని వస్తుంది చూడండి... కుర్రాడు దాని ముందు చీమలా కనిపిస్తాడు. బోడిగుండ్ల స్నేహితుల ముఠా పురుగుల్లా పాకుతూ వాణ్ణి ఒంటి మీద గుడ్డతో సహా దోచేస్తుంది.

ఈ బ్యాలేని నేను చూసింది తెర మీదే. అయినా ఆఖరి ఘట్టం మర్చిపోలేను. మోకాళ్ల మీద దేకుతూ కొడుకు వస్తాడు. లూకా తండ్రి పరుగెత్తాడు గదా, ఇక్కడి తండ్రి పరుగెత్తడు. కదలకుండా నిలబడతాడు. కొడుకే తండ్రి కాళ్లు పట్టుకుని, పసిపిల్లాడిలా ఒంటి మీదికి ఎగబాకుతాడు. అప్పుడు తండ్రి తన అంగీ చెంగు కప్పుతాడు. అంతే, తెర! అన్నయ్య ఏడీ? అతని బదులు ఇద్దరు అక్కచెల్లెళ్లున్నారు. వాళ్లకి తమ్ముడి మీద కోపం లేదు, వాటా గొడవా లేదు! దియాగిలెవ్ ఆ ఆగస్టులోనే వెనిస్‌లో పోయాడు. ఆయన కంపెనీ తయారుచేసిన ఆఖరి కొత్త బ్యాలే ఇదే అయింది.

హాలీవుడ్ ఊరుకుంటుందా? 1925లో రావుల్ వాల్ష్ తీసిన మూకీ 'ది వాండరర్'లో కుర్రాడు దేవదాసీలాంటి పూజారిణి వల్లో పడతాడు. 1955లో ఎం.జి.ఎం. వాళ్లు సినిమాస్కోపులో 'ది ప్రోడిగల్' తీశారు. అందులోనూ పూజారిణే! లానా టర్నర్ వేసింది ఆ వేషం. ఎడ్మండ్ పర్డమ్ హీరో. డమాస్కస్ నగరం సెట్టింగులు, పూసల దుస్తులు, జనసందోహం, ఫైట్లు... లూకాలో ఒక్క వాక్యమున్నదాన్ని రీళ్లకి రీళ్లు సాగదీశారు. డబ్బు మంచినీళ్లలా ఖర్చుపెట్టి నష్టపోయారు. దుబారా కొడుకు కథ తీసి తామే దుబారా చేశారన్నమాట!

సరే, ఇప్పుడు పాట దగ్గరికి రండి. ఆ బ్యాలే ఆడిన 1929లోనే అమెరికాలో మెంఫిస్ ఊళ్లో రాబర్ట్ విల్కిన్స్ అనే నల్లజాతి బ్లూస్ గాయకుడు గిటారు పట్టుకుని ఓ రికార్డు ఇచ్చాడు. ఆడవాళ్లు తనని ఎంత అన్యాయం చేశారో ఇంటికెళ్లి అమ్మతో చెప్పుకుంటానని దాని భావం. తర్వాత ఆయన బ్లూస్ మానేసి పాస్టరయ్యాడు. పాత జీవితం వదిలేశాడు గానీ పాత బాణీ వదల్లేకపోయాడు. ఏం చేశాడో తెలుసా? అదే వరస ఉంచి, మాటలు తీసేసి, తప్పిపోయిన కుమారుడి కథ పెట్టాడు! 1964లో బ్లూస్ అభిమానులు ఆయన్ని వెతికి పట్టుకుని ఆ పాట రికార్డు చేశారు. అందరూ కథలోకి వ్యాంపుని తెచ్చిపెడితే, ఈ పెద్దమనిషి తన పాటలోని ఆడవాళ్లని సాగనంపి కథని తెచ్చుకున్నాడు. అందులో అన్నయ్య కూడా ఉన్నాడు. ఏం పనికనుకున్నారు? దూడని కొయ్యమని తండ్రి పురమాయించేది అతనికే! ఇంత విందులోనూ వాడికి చాకిరీ తప్పలేదు.

1968లో రోలింగ్ స్టోన్స్ తమ 'బెగ్గర్స్ బాంకెట్' రికార్డులో ఈ పాట పాడారు. మొదట్లో వచ్చిన కాపీల మీద రచయితలుగా జాగర్, రిచర్డ్స్ పేర్లు పడ్డాయి. పాస్టరుగారి పేరు తర్వాత సరిచేసిన కాపీల్లోగాని రాలేదు. లోపల విందు జరుగుతుంటే పాట కట్టినవాడు తలుపు బయట!

అదే 1968లో ఇంగ్లండులో ఆర్‌ఫర్డ్ అనే ఊరి చర్చిలో బెంజమిన్ బ్రిటెన్ ఇదే కథని సంగీత నాటకంగా వేశాడు. లెనిన్‌గ్రాడ్ హెర్మిటాజ్ మ్యూజియంలో రెంబ్రాంట్ గీసిన బొమ్మ చూసి ఆయనకీ కోరిక పుట్టింది. వేషాలన్నీ మగవాళ్లవే. వ్యాంపు బదులు 'శోధకుడు' అనే పాత్ర ఉంది. వాడు కుర్రాడి మనసులోని కోరికే మనిషై వచ్చినట్టు మాట్లాడతాడు. మోహిని మీదికి నెట్టే వీల్లేకుండా తప్పు ఎక్కడ పుట్టిందో అక్కడే చూపించాడు. ఇక రెంబ్రాంట్ బొమ్మలో చూడండి: అరిగిపోయిన చెప్పులతో మోకరిల్లిన కొడుకు, వాడి వీపు మీద తండ్రి రెండు చేతులు. కుడివైపున ఓ మనిషి చేతులు కట్టుకుని బిగుసుకుని నిలబడి ఉంటాడు. అన్నయ్య అతనేనని చాలామంది అంటారు. అక్కడా అడుగు ముందుకి వెయ్యడు!

రచయితల్లో అన్నయ్యని నోరువిప్పి మాట్లాడించినవాడు ఆంద్రే జీద్. ఆ సినిమా వచ్చిన 1907లోనే రాశాడు. తిరిగొచ్చిన కొడుకుతో తండ్రి, అన్న, తల్లి ఒక్కొక్కరూ మాట్లాడతారు. ఇంటి కట్టుబాట్లకి కాపలాదారు అన్నయ్యే. ఆఖర్న మరో తమ్ముడున్నాడని బయటపడుతుంది. వాడు ఇల్లు వదిలి వెళ్లాలనుకుంటాడు. తిరిగొచ్చినవాడు ఆపుతాడనుకుంటారా? దీపం పట్టుకుని దగ్గరుండి సాగనంపుతాడు. కుర్రకారుకి ఇది నచ్చుతుంది, నాకు తెలుసు.

కానీ ఒక్క లెక్క చూడండి. మోషే ధర్మశాస్త్రం ప్రకారం పెద్దకొడుక్కి రెండు పాళ్లు. ఇద్దరే కొడుకులైతే చిన్నవాడికి మూడోవంతు. ఆ మూడోవంతు వాడు తీసుకుని తగలేశాడు. పంపకమైపోయింది. మరి ఇంట్లో మిగిలిందెవరికి చెందాలి? పెద్దవాడికే. తండ్రి కూడా 'నాదంతా నీదే' అన్నాడు గదా. అంటే ఆ దూడ, ఆ ఉంగరం, ఆ బట్టలు అన్నీ పెద్దవాడికి రావలసిన సొత్తులోవే! విందు తమ్ముడికి, ఖర్చు అన్నయ్యకి. పైగా విందుకి పిలవడానికి పొలానికి ఒక్కడైనా వెళ్లాడా? పనివాణ్ణి అడిగితేగాని వాడికి సంగతి తెలియలేదు.

ఇంట్లో ఒకరు చదువు మానేసి కొట్లో కూచుంటేనో, పొలం చూసుకుంటేనో, మరొకరు బస్తీలో చదువుకునే ఇళ్లు మనలో ఎన్ని లేవు! వెళ్లినవాడు ఓడి తిరిగొస్తే ఆదరించాల్సిందే. ఆ తండ్రి పరుగుని మించిన సీను నాకింకోటి తెలియదు. కానీ ఆ తండ్రి ఆ రాత్రి రెండుసార్లు గుమ్మం దాటాడని మర్చిపోకండి. ఒకసారి చిన్నవాడి కోసం, ఒకసారి పెద్దవాడి కోసం. మొదటిదాన్నే అందరూ తెర మీదికెక్కించారు.

రెండోది ఎవరైనా పూర్తిగా తీస్తే చూడాలని నా కోరిక. పొలం నుంచి వచ్చిన ఒళ్లు, కాళ్లకి మట్టి, లోపల్నుంచి పాట, గుమ్మంలో ముసలి తండ్రి. డైలాగులు రెండే. ఆ తర్వాతేమిటి? మీరే డైరెక్టరైతే ఆ అన్నయ్యని లోపలికి నడిపిస్తారా? లేక తండ్రినీ కొడుకునీ అక్కడే, ఆ చీకట్లో కూచోబెట్టి కబుర్లు చెప్పిస్తారా? రాసి పంపండి. ముఖ్యంగా, మీ ఇంట్లో పెద్దవాళ్లు మీరే అయితే తప్పకుండా రాయండి.