మొండి పిన్ను

పొదిలిలో విత్తనాల అదును దాటిపోతుండగా మా గొర్రు పళ్ళచక్రం పిన్ను ఊడలేదు. సుత్తితో మోదినకొద్దీ బిగిసింది. ఆ కోపం ఇరుసు పట్టుకున్న మా అబ్బాయిపై చూపాము. వాడు అన్నం తినకుండానే పడుకున్నాడు.

రాత్రంతా కిరసనాయిలులో నాననిచ్చి, తెల్లవారి తుడిచి చూస్తే అది టేపర్ పిన్ను! 50 మిల్లీమీటర్ల పొడవుకు 1 మిల్లీమీటరు సన్నబడుతుంది. మేము మోదింది లావువైపు. అబ్బాయిని పిలిచి క్షమించమని అడిగాము. వాడే ఇరుసు పట్టాడు. డ్రిల్లింగ్ మిషనుపై చిన్న బిట్టుతో పిన్ను నడుమ తొలిచి, సన్నవైపు పంచ్ పెట్టి కొట్టగానే ఊడింది.

తండ్రులారా, ఇంట్లో ఎవరైనా మొండికేస్తే బలము పెంచకముందే, తప్పు మనవైపున ఉన్నదేమో ప్రార్థనతో చూచుకొందము.