ఉపాధ్యాయుని జీతం ఎవరి సమస్య?

మీ ఊళ్లో బాగా చదువుకునే పిల్లలను "పెద్దయ్యాక ఏమవుతారు?" అని అడిగి చూడండి. డాక్టరు, ఇంజనీరు, కలెక్టరు అంటారు. టీచరు అవుతామనేవారు తక్కువ. 'బతకలేక బడిపంతులు' అనే మాట మన భాషలో ఊరికే పుట్టలేదు.

ఏటా సెప్టెంబరు 5న ఉపాధ్యాయులను సన్మానిస్తాం. గౌరవం అవసరమే, కాని దానితో ఇల్లు గడవదు. ప్రతిభ గలవారు ఈ వృత్తిలోకి రావాలంటే తగిన జీతం, మంచి పని పరిస్థితులు ఉండాలని కొఠారీ కమిషన్ 1966లోనే చెప్పింది.

ఆచరణలో జరిగింది వేరు. 1980లలో ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 398 రూపాయల జీతంపై స్పెషల్ టీచర్లను నియమించారు. తరువాత ఉత్తరప్రదేశ్‌లో శిక్షామిత్రలు, మన దగ్గర విద్యావాలంటీర్లు వచ్చారు. బీహారులో పంచాయతీల ద్వారా నియమితులైన ఉపాధ్యాయులు సమాన పనికి సమాన వేతనం కోరారు. 2017లో పాట్నా హైకోర్టు అందుకు అంగీకరించింది. 2019లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. పక్కపక్క గదుల్లో ఒకే పని చేసే ఇద్దరికి రెండు రకాల జీతాలు!

"జీతం ఎక్కువ ఉన్నవారంతా బాగా చెబుతున్నారా?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. జీతం ఒక్కటే మంచి ఉపాధ్యాయుణ్ణి తయారుచేయదు. శిక్షణ కావాలి, పర్యవేక్షణ కావాలి. కాని చాలీచాలని జీతం మంచి ఉపాధ్యాయుణ్ణి నిలవనివ్వదు. మరో ఉద్యోగం దొరకగానే అతడు వెళ్లిపోతాడు. తరగతి నడుమ పాఠం ఆగిపోతుంది. డబ్బున్నవారి పిల్లలకు ట్యూషను ఉంటుంది. పేద పిల్లలకు ఆ బడి తప్ప మరో దారి లేదు. ఆగిన చదువును మళ్లీ అందుకోవడం ఎంత కష్టమో మీకు వేరే చెప్పనక్కరలేదు.

ప్రతిభ గల విద్యార్థులకు బి.ఎడ్. చదవడానికి స్కాలర్‌షిప్పులు, పల్లెబడుల దగ్గర ఉపాధ్యాయులకు ఇళ్లు ఇవ్వాలని 2020 జాతీయ విద్యావిధానం సూచించింది. ఇవి మంచి సూచనలు. అయితే చదువు పూర్తిచేసినవారికి చివరకు తాత్కాలిక ఉద్యోగమే మిగిలితే, ఆ స్కాలర్‌షిప్పుల వల్ల ఫలితం ఉండదు. ఉపాధ్యాయునికిచ్చే జీతం అతనికి చేసే ఉపకారం కాదు. అది పిల్లల చదువుకు పెట్టే పెట్టుబడి.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. మీ పిల్లలు అక్కడ చదువుతుంటే, ఈసారి సమావేశానికి వెళ్లి మూడు ప్రశ్నలు అడగండి: మన బడిలో ఎన్ని ఉపాధ్యాయ ఖాళీలున్నాయి? తాత్కాలికంగా పనిచేసేవారు ఎందరు? వారికి చివరిసారి జీతం ఎప్పుడు అందింది?